1960ల అమెరికన్ సెషన్ మ్యూజిషియన్లు, వాళ్ళ మొదటి సోలో ఆల్బమ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సెషన్ మ్యూజిషియన్ అంటే అసలు ఎవరు?

బ్యాండ్‌లో మెంబర్ కాదు, పాట తనది కాదు, కవర్ మీద ఫోటో ఉండదు. స్టూడియో నుంచి ఫోన్ వస్తే చెప్పిన టైముకి గిటారో బేసో (లోతుగా మోగే గిటార్) తీసుకుని వెళ్తాడు, నోట్స్ రాసిస్తే అవి వాయిస్తాడు, రాసివ్వకపోతే అక్కడికక్కడే ఏదో ఒకటి కట్టి వాయిస్తాడు, మూడు గంటలయ్యాక సర్దుకుని ఇంకో స్టూడియోకి వెళ్ళిపోతాడు. పొద్దున బీచ్ బాయ్స్ బ్యాండ్ పాట, మధ్యాహ్నం ఏదో టీవీ యాడ్, రాత్రికి గాయకుడు ఫ్రాంక్ సినాట్రా పాట, ఇలా నడిచేది. 60ల్లో ఇలాంటివాళ్ళు ఎక్కువగా నాలుగు చోట్ల ఉండేవాళ్ళు: లాస్ ఏంజెలిస్, న్యూయార్క్, నాష్‌విల్, డెట్రాయిట్. అలబామాలో మజిల్ షోల్స్ అని చిన్న ఊరు కూడా ఉంది, దాని దగ్గరకి తర్వాత వస్తా.

రెకింగ్ క్రూ అనేది ఒక బ్యాండా?

కాదు. లాస్ ఏంజెలిస్‌లో మాటిమాటికీ కలిసి పనిచేసిన కొన్ని డజన్ల మంది వాయిద్యకారుల్ని ఇప్పుడు అలా పిలుస్తున్నారు. డ్రమ్మర్ హాల్ బ్లెయిన్ 1990లో తన జ్ఞాపకాల పుస్తకంలో వాడాక ఆ పేరు బాగా పాకింది. బేస్ వాయించిన కరోల్ కే మాత్రం ఆ రోజుల్లో మమ్మల్ని ఎవరూ అలా పిలవలేదని గట్టిగా చెప్తూ వచ్చింది, 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు గౌరవిస్తామంటే కూడా నేను రానని చెప్పేసింది. నేను ఈ పేజీలో ఆ పేరు పెద్దగా వాడను, ఎందుకంటే ఎవరికి వాళ్ళ పేరు ఉంది, అసలు గొడవంతా ఆ పేర్ల గురించే కదా.

వీళ్ళకి డబ్బులు ఎలా ఇచ్చేవాళ్ళు? రాయల్టీ ఉండేదా?

మ్యూజిషియన్ల యూనియన్ ఉంది, హాలీవుడ్‌లో దాని శాఖ పేరు లోకల్ 47. మూడు గంటల సెషన్‌కి ఇంత అని యూనియన్ రేటు ఫిక్స్ చేసేది, ఆ సెషన్‌కి లీడర్‌గా ఉన్నవాడికి డబుల్. రోజుకి రెండు మూడు సెషన్లు దొరికేవాళ్ళు చాలా బాగా సంపాదించారు, ఆ పాటలు పాడిన కుర్రాళ్ళలో కొందరి కంటే బాగా. కానీ రికార్డు పది లక్షలు అమ్ముడైనా దాని రాయల్టీలో వాటా లేదు. అమెరికాలో మామూలు రేడియో స్టేషన్లు పాట వేస్తే రాసినవాళ్ళకి డబ్బు వస్తుంది, పాడినవాళ్ళకీ వాయించినవాళ్ళకీ రాదు, ఇది ఇప్పటికీ అంతే.

మరి కవర్ మీద పేర్లు ఎందుకు వేయలేదు?

వేయాలన్న రూల్ లేదు, వేస్తే కంపెనీకి లాభమూ లేదు. నలుగురు కుర్రాళ్ళ ఫోటో పెట్టి ఇదొక బ్యాండ్ అని అమ్ముతున్నప్పుడు లోపల వాయించింది వేరేవాళ్ళు అని వెనక అట్ట మీద ప్రింట్ చేస్తారా? 1965 జనవరిలో బర్డ్స్ అనే బ్యాండ్ మొదటి సింగిల్ (విడిగా అమ్మే పాట రికార్డు) మిస్టర్ టాంబరిన్ మ్యాన్ రికార్డ్ చేసినప్పుడు బ్యాండ్ మెంబర్లలో వాయించింది రోజర్ మెగ్విన్ ఒక్కడే, ఆ 12 తీగల గిటార్. డ్రమ్స్ హాల్ బ్లెయిన్, బేస్ ల్యారీ నెక్టెల్, ఎలక్ట్రిక్ పియానో లియాన్ రస్సెల్, ఇంకో గిటార్ జెర్రీ కోల్. టీవీ షో కోసం కూర్చిన మంకీస్ బ్యాండ్ విషయంలో 1966 మొదటి ఆల్బమ్‌లో వాయించింది దాదాపు అంతా సెషన్ వాళ్ళే అని బయటపడి పెద్ద రచ్చ అయింది, ఆ తర్వాత వాళ్ళు పట్టుబట్టి 1967లో హెడ్‌క్వార్టర్స్ ఆల్బమ్‌కి చాలావరకు సొంతంగా వాయించారు. డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డు కంపెనీ ఇంకా ఘోరం, అక్కడి సెషన్ వాళ్ళు ఫంక్ బ్రదర్స్ పేర్లు ఆల్బమ్ మీద సరిగ్గా పడింది 1971లో మార్విన్ గే వాట్స్ గోయింగ్ ఆన్ మీద. అప్పటికి ఎన్ని నంబర్ వన్‌లు అయిపోయాయో ఆలోచించండి.

అంత పని ఉన్నవాళ్ళకి సోలో ఆల్బమ్ ఎందుకు?

కొందరు నిజంగా పాడాలనే హాలీవుడ్ వచ్చారు, అద్దె కట్టడానికి సెషన్లు పట్టుకున్నారు, గిటారిస్ట్ గ్లెన్ క్యాంప్‌బెల్ అలాంటివాడే. ఇంకొందరికి మాత్రం ఆలోచన కంపెనీదే. 60ల మొదట్లో పాడేవాళ్ళు లేకుండా వాయిద్యాలే ఉండే ఇన్‌స్ట్రుమెంటల్ ఎల్పీలకి (పెద్ద రికార్డులకి) మంచి గిరాకీ ఉండేది, ఇంట్లోకి స్టీరియో కొత్తగా వస్తోంది, దాని మీద వేసి వినడానికి డ్రమ్సో గిటారో గట్టిగా వినిపించే రికార్డు కావాలి. అప్పటికే హిట్ అయిన పది పన్నెండు ట్యూన్లు తీసుకుని, ఎలాగూ స్టూడియోలోనే ఉన్న మనిషితో వాయించేసి, వాళ్ళ పేరు పెద్దక్షరాల్లో వేస్తే ఒక రికార్డు తయారు. సింగర్‌కి అడ్వాన్స్ ఇవ్వక్కర్లేదు, టూర్‌కి పంపక్కర్లేదు.

ఇంత బాగా వాయించేవాళ్ళ మొదటి ఆల్బమ్‌లు ఎందుకు ఆడలేదు?

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, నా జవాబు కొంతమందికి నచ్చదు. వాళ్ళకి టాలెంట్ లేక కాదు, కంపెనీ పబ్లిసిటీ చేయక మాత్రమే కాదు. సెషన్ మనిషి గొప్పతనమే ఎదుటివాళ్ళ పాటలో కలిసిపోవడం. సినాట్రా పాటలో సినాట్రాకి కావలసినట్టు, రోనెట్స్ అనే అమ్మాయిల గ్రూపు పాటలో ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్‌కి కావలసినట్టు. ఊరందరికీ వాళ్ళవాళ్ళ కొలతలకి కుట్టే టైలర్‌ని పిలిచి, ఇప్పుడు నీకిష్టమైనట్టు నీ చొక్కా కుట్టుకో అంటే ఒక్క నిమిషం ఆగిపోతాడు కదా, అలా ఆగిపోయిన క్షణం చాలా రికార్డుల్లో వినిపిస్తుంది. వాయింపు పర్ఫెక్ట్‌గా ఉంటుంది, ఎవరు మాట్లాడుతున్నారో మాత్రం తెలీదు. ఆ పైన కంపెనీ కూడా కొత్తగా ఏమీ అడగలేదు, వేరేవాళ్ళ హిట్లే మళ్ళీ వాయించమంది, అంటే సోలో ఆల్బమ్‌లో కూడా ఆ మనిషి చేసింది సెషన్ పనే. తన గొంతు ఏంటో దొరికినవాళ్ళు గెలిచారు, అది దొరకడానికి వాళ్ళకి రెండో ఆల్బమో ఆరో ఆల్బమో పట్టింది.

గ్లెన్ క్యాంప్‌బెల్ మొదటి ఆల్బమ్ ఏది? జెంటిల్ ఆన్ మై మైండ్ కాదా?

కాదు, చాలామంది అదే అనుకుంటారు. అర్కాన్సాలో కౌలు రైతు కుటుంబంలో 12 మంది పిల్లల్లో ఏడో కొడుకు, 1936లో పుట్టాడు, నోట్స్ చదవడం రాదు, 1960లో లాస్ ఏంజెలిస్ చేరాడు. టెకీలా పాటతో పేరొచ్చిన చాంప్స్ బ్యాండ్‌లో కొన్నాళ్ళు వాయించాడు, 1961లో క్రెస్ట్ అనే చిన్న కంపెనీకి టర్న్ అరౌండ్, లుక్ ఎట్ మీ పాడితే బిల్‌బోర్డ్ పత్రిక హిట్ల జాబితాలో 62 దాకా వెళ్ళింది. అది చూసి క్యాపిటల్ వాళ్ళు 1962లో సంతకం చేయించుకున్నారు, ఆ ఏడాదే మొదటి ఆల్బమ్ బిగ్ బ్లూగ్రాస్ స్పెషల్ వచ్చింది. కానీ కవర్ మీద ఆర్టిస్ట్ పేరు గ్రీన్ రివర్ బాయ్స్ ఫీచరింగ్ గ్లెన్ క్యాంప్‌బెల్! సోలో డెబ్యూ అంటూనే మనిషిని పక్కన నిలబెట్టారు.

తర్వాత 1963లో టూ లేట్ టు వర్రీ, టూ బ్లూ టు క్రై. 1964లో ది అస్టౌండింగ్ 12 స్ట్రింగ్ గిటార్ ఆఫ్ గ్లెన్ క్యాంప్‌బెల్, ఎందుకంటే 1963 మొదట్లో రూఫ్‌టాప్ సింగర్స్ వాక్ రైట్ ఇన్ నంబర్ వన్ అయ్యాక 12 తీగల గిటార్‌కి క్రేజ్ వచ్చింది, అందుకని క్యాపిటల్ వాళ్ళు మంచి గొంతున్న మనిషిని పట్టుకుని గిటార్ మాత్రమే వాయించమన్నారు. నాకు ఆ రికార్డు వింటే బాధేస్తుంది, వేళ్ళు అంత అద్భుతంగా పరిగెడుతుంటాయి, నోరు మూసేశారు.

ఈలోగా బయట ఆయన పని ఆగలేదు. 1964 డిసెంబర్‌లో బ్రయన్ విల్సన్‌కి టూర్‌లో ఆరోగ్యం దెబ్బతింటే ఆయన బదులు బీచ్ బాయ్స్‌తో స్టేజ్ మీదకి వెళ్ళి బేస్ వాయిస్తూ ఆ హై హార్మనీలు పాడాడు. 1966లో సినాట్రా స్ట్రేంజర్స్ ఇన్ ద నైట్‌లో గిటార్ ఆయనదే. కంపెనీ ఏమో ఒకసారి కంట్రీ, ఒకసారి ఫోక్, ఒకసారి ఇన్‌స్ట్రుమెంటల్ అని ఐదేళ్ళు తిప్పింది.

మరి 1967లో ఏం మారింది?

రెండు. ఒకటి ప్రొడ్యూసర్ ఆల్ డి లోరీ, ఆయన కూడా సెషన్లలో కీబోర్డ్ వాయించి వచ్చినవాడే, క్యాంప్‌బెల్‌ని పక్క కుర్చీలోంచి చూసినవాడు. రెండోది పాటలు. జాన్ హార్ట్‌ఫర్డ్ రాసిన జెంటిల్ ఆన్ మై మైండ్‌ని క్యాంప్‌బెల్ తన స్నేహితులతో డెమోలాగా (నమూనాగా) రికార్డ్ చేసి డి లోరీకి వినిపించాడు, మధ్యలో వాయించేవాళ్ళకి ఇలా చేయండి అలా చేయండి అని అరిచిన మాటలు కూడా టేప్‌లో ఉన్నాయి. డి లోరీ ఆ మాటలు తీసేసి ఆ టేప్‌నే రిలీజ్ చేయించాడు. కంపెనీ ఫలానా మార్కెట్ కోసం అని లెక్కలు వేయకముందు, మనవాళ్ళ మధ్యలో మామూలుగా పాడిన పాట అది, అందుకే అందులో ఆ మనిషి కనపడతాడు. అదే ఏడాది జిమ్మీ వెబ్ పాట బై ద టైమ్ ఐ గెట్ టు ఫీనిక్స్. 1968 మొదట్లో జరిగిన గ్రామీ సంగీత అవార్డుల్లో ఈ రెండు పాటలకీ కలిపి క్యాంప్‌బెల్‌కి నాలుగు అవార్డులు, మరుసటి ఏడు ఫీనిక్స్ ఆల్బమ్‌కి ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్.

1968లో విచిటా లైన్‌మ్యాన్ గురించి తప్పకుండా చెప్పాలి. జిమ్మీ వెబ్ పాట ఇంకా పూర్తి కాలేదనుకుంటూనే పంపాడు, మూడో చరణం లేదు. ఆ ఖాళీలో క్యాంప్‌బెల్ మాటలకి బదులు సోలో వాయించాడు, అది కూడా కరోల్ కే దగ్గర తీసుకున్న ఆరు తీగల డానెలెక్ట్రో బేస్ మీద. పాట మొదట్లో వినిపించే బేస్ కరోల్ కేది. ఐదేళ్ళు పాడేవాడు వేరు, వాయించేవాడు వేరు అన్నట్టు విడివిడిగా అమ్మిన మనిషి, ఈ పాటలో రెండు చరణాలు పాడి మూడోది వాయించాడు, రెండూ ఒకటే గొంతు. బిల్‌బోర్డ్ పాప్‌లో 3వ స్థానం దాకా వెళ్ళింది.

హాల్ బ్లెయిన్ సోలో రికార్డులు ఉన్నాయా?

ఉన్నాయి. 1963లో ఆర్‌సీఏ మీద కార్ల పిచ్చి ఉన్న కుర్రకారు కోసం డ్యూసెస్, టీస్, రోడ్‌స్టర్స్ అండ్ డ్రమ్స్, తర్వాత డన్‌హిల్ మీద 1966లో డ్రమ్స్! డ్రమ్స్! ఏ గో గో, 1967లో సైకడెలిక్ పర్కషన్. పేర్లు చూస్తేనే ఆయా సంవత్సరాల్లో ఏది అమ్ముడవుతోందో తెలిసిపోతుంది. చివరిది మాత్రం నిజంగా వినదగ్గది, పాల్ బీవర్ ఎలక్ట్రానిక్ శబ్దాలు, ఎమిల్ రిచర్డ్స్ రకరకాల వాయిద్యాలు, బ్లెయిన్ ఎవరి కోసమూ కాకుండా ఆడుకున్నట్టు ఉంటుంది. కానీ బ్లెయిన్ అంటే అందరికీ గుర్తుండేది 1963లో రోనెట్స్ పాట బి మై బేబీ మొదట్లో ఆ నాలుగు దెబ్బలే, అది ఆయన పేరు మీద లేని రికార్డు. 1966 నుంచి 1971 దాకా వరుసగా ఆరేళ్ళు రికార్డ్ ఆఫ్ ద ఇయర్ గ్రామీ గెలిచిన పాటలన్నింటిలో డ్రమ్స్ ఈయనవే, ఏ టేస్ట్ ఆఫ్ హనీ నుంచి బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్ వరకు.

ఆయనకంటే ముందే న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన ఎర్ల్ పామర్ 1961లో లిబర్టీ మీద డ్రమ్స్‌విల్ చేశాడు. అదీ ఈ తరహాదే. లిటిల్ రిచర్డ్, ఫ్యాట్స్ డామినో రికార్డుల మీద రాక్ డ్రమ్స్ ఎలా ఉండాలో దారి చూపించిన మనిషికి అది చాలా తక్కువ.

మొదటి ఆల్బమ్‌తోనే తన గొంతు దొరికినవాళ్ళు ఎవరూ లేరా?

ఇద్దరిని చెప్తా. ఒకరు జాక్ నిట్షీ, స్పెక్టర్‌కి అరేంజ్‌మెంట్స్ (ఏ వాయిద్యం ఏం వాయించాలో) రాసేవాడు. 1963లో రిప్రైజ్ మీద ది లోన్లీ సర్ఫర్, సింగిల్ 39వ స్థానం. ఆ ఏడాది సర్ఫ్ పాటలన్నీ (సముద్రపు అలల మీద ఆట గురించినవి) హుషారుగా ఉంటే ఈయన సముద్రాన్ని దిగులుగా చూశాడు, పెద్ద ఆర్కెస్ట్రా, లోతుగా మోగే గిటార్, సినిమా మ్యూజిక్‌లా. తర్వాత సినిమాలకే సంగీతం చేశాడు.

రెండోవాడు డాక్టర్ జాన్, నా లెక్కలో ఇది మొత్తం కథలో అన్నిటికంటే గొప్ప డెబ్యూ. అసలు పేరు మ్యాక్ రెబెనాక్, న్యూ ఆర్లీన్స్ గిటారిస్ట్, ఒక గొడవలో తుపాకీ గుండు తగిలి ఎడమచేతి వేలు దెబ్బతినడంతో పియానో, ఆర్గన్ వైపు మళ్ళాడు. డ్రగ్స్ కేసులో జైలు, 1965లో బయటికొచ్చి లాస్ ఏంజెలిస్. అక్కడ తన ఊరివాడే అయిన హెరాల్డ్ బాటిస్ట్ అప్పటికి సానీ అండ్ షెర్ అనే గాయకుల జంటకి అరేంజర్, ఆయన ద్వారా సెషన్లు దొరికాయి. 1967లో సానీ అండ్ షెర్ కోసం బుక్ చేసిన స్టూడియో టైములో మిగిలింది వాడుకుని, గోల్డ్ స్టార్‌లో, న్యూ ఆర్లీన్స్ నుంచి వలస వచ్చినవాళ్ళందర్నీ పోగేసి గ్రి గ్రి రికార్డ్ చేశారు. డాక్టర్ జాన్ అనేది 19వ శతాబ్దంలో న్యూ ఆర్లీన్స్‌లో ఉన్న ఒక మంత్రగాడి పేరు, ఆ వేషం మొదట స్నేహితుడు రోనీ బ్యారన్‌కి అనుకున్నారు, కుదరక తనే కట్టాడు. 1968 జనవరిలో అట్లాంటిక్ కంపెనీ వాళ్ళ ఆట్కో లేబుల్ మీద వచ్చింది, అట్లాంటిక్ బాస్ అహ్మెట్ ఎర్టెగన్‌కి దీన్ని ఎలా అమ్మాలో అర్థం కాలేదు, చార్టుల్లోకి ఎక్కలేదు. అయినా అది మొదటి నిమిషం నుంచి ఎవరిదో మీకు తెలుస్తుంది. చూడండి, సెషన్ వాళ్ళ డెబ్యూల్లో బెస్ట్ రికార్డు ఎవరూ అడగకుండా, వేరేవాళ్ళ టైములో చేసింది. మరుసటి ఏడు షెర్ మజిల్ షోల్స్ వెళ్ళి అక్కడి సెషన్ వాళ్ళతో 3614 జాక్సన్ హైవే ఆల్బమ్ చేసినప్పుడు అందులో గ్రి గ్రి చివరి పాట ఐ వాక్ ఆన్ గిల్డెడ్ స్ప్లింటర్స్ పాడింది.

లియాన్ రస్సెల్ డెబ్యూ 1970 కదా, దీన్ని 60ల్లో ఎందుకు కలుపుతారు?

తేదీ ప్రకారం కలపకూడదు, కానీ ఆ ఆల్బమ్ వెనక పదేళ్ళ సెషన్ జీవితం ఉంది. 1968లో మార్క్ బెనోతో కలిసి అసైలమ్ కోయిర్ అనే పేరుతో ఒక రికార్డు చేశాడు, విమర్శకులకి నచ్చింది, అమ్ముడుపోలేదు. సోలో ఆల్బమ్ లండన్‌లో జార్జ్ హారిసన్, రింగో స్టార్, ఎరిక్ క్లాప్టన్ వచ్చి వాయించగా తయారైంది. అంటే పదేళ్ళు ఇంకొకళ్ళ పాటలకి పియానో వాయించిన మనిషి పాటకి ఇప్పుడు బీటిల్స్ వచ్చి వాయించారు. ఎ సాంగ్ ఫర్ యూ అందులోదే. మరుసటి ఏడాది ఆగస్టులో బంగ్లాదేశ్ కచేరీలో కూడా హారిసన్ పక్కన ఈయన ఉన్నాడు, ఆ సాయంత్రం మొదట వాయించింది మన రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్.

నాష్‌విల్ సంగతి?

అక్కడ పరిస్థితి కొంచెం మెరుగు, ఎందుకంటే ఆర్‌సీఏలో నిర్ణయాలు తీసుకునే చెట్ ఆట్కిన్స్ తనే గిటారిస్ట్. పియానో ఫ్లాయిడ్ క్రేమర్ 1960లో లాస్ట్ డేట్ అనే సొంత ట్యూన్‌తో బిల్‌బోర్డ్ 2 దాకా వెళ్ళాడు, పైన నంబర్ వన్‌లో అడ్డం ఉన్నది ఎల్విస్ ఆర్ యూ లోన్సమ్ టునైట్, ఆ ఎల్విస్ సెషన్లకి పియానో మనిషి కూడా క్రేమరే! జెర్రీ రీడ్ మొదటి ఆల్బమ్ 1967లో చెట్ ఆట్కిన్స్ ప్రొడక్షన్. అందులోని గిటార్ మ్యాన్‌ని ఎల్విస్ పాడదామనుకుంటే ఆ గిటార్ శబ్దం స్టూడియోలో ఎవరికీ రాలేదు, చివరికి రీడ్‌నే పిలిపించారు. అదీ గొంతు ఉండటం అంటే. చార్లీ మెకాయ్ హార్మోనికా మనిషి, బాబ్ డిలన్ పాట డిసొలేషన్ రో మీద ఆ గిటార్ కూడా ఆయనదే, 1968లో మాన్యుమెంట్ మీద వచ్చిన ద వరల్డ్ ఆఫ్ చార్లీ మెకాయ్‌ని ఎవరూ పట్టించుకోలేదు. రెండోది ద రియల్ మెకాయ్ 1969లో వచ్చింది, అదీ అంతే అనుకుంటుండగా ఫ్లోరిడాలో ఒక డీజే అందులో ఒక ట్రాక్ వేస్తూ పోతే 1972లో హిట్ అయింది, 1973లో గ్రామీ.

మోటౌన్ వాళ్ళకి సోలో ఆల్బమ్‌లు ఇచ్చారా?

పియానిస్ట్ ఎర్ల్ వాన్ డైక్‌కి 1965లో దట్ మోటౌన్ సౌండ్. సోల్ బ్రదర్స్ అని పేరు పెట్టారు, ఎందుకంటే మోటౌన్ యజమాని బెర్రీ గోర్డీకి ఫంక్ అనే మాట ఇష్టం లేదు. చాలావరకు పాత హిట్ల బ్యాకింగ్ ట్రాక్‌లే తీసుకుని, పాడినచోట వాన్ డైక్ ఆర్గన్ వాయించాడు. తాము వాయించిన పాట మీదే మళ్ళీ తాము. జేమ్స్ జేమర్సన్‌కి అది కూడా లేదు, పాప్ బేస్‌ని మార్చేసిన మనిషి పేరు మీద ఒక్క సోలో ఆల్బమ్ లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సెషన్ సింగర్లు కూడా ఉండేవాళ్ళా?

ఉండేవాళ్ళు, వాళ్ళకి జరిగింది ఇంకా అన్యాయం. డార్లీన్ లవ్ 1962లో హీ ఈజ్ ఎ రెబెల్ పాడింది, నంబర్ వన్ అయింది, లేబుల్ మీద పేరు క్రిస్టల్స్. తర్వాత తన పేరు మీద సింగిల్స్ వచ్చాయి కానీ ఆ దశాబ్దంలో ఒక్క సోలో ఆల్బమ్ లేదు. జాకీ వార్డ్ అనే సెషన్ సింగర్ 1963లో వండర్‌ఫుల్ సమ్మర్ పాడితే 14వ స్థానం వచ్చింది, టీనేజ్ అమ్మాయి గొంతులా ఉందని కూతురి పేరు పెట్టుకుని రాబిన్ వార్డ్ అయింది, ఆమె సొంత పేరు అక్కడ కూడా లేదు.

పెద్ద సింగర్ల మొదటి ఆల్బమ్‌ల మీద వీళ్ళ ప్రభావం ఎంత?

చాలా. నాన్సీ సినాట్రా మొదటి ఆల్బమ్ బూట్స్, 1966, అందులో టైటిల్ పాట మొదట్లో జారుతూ కిందకి దిగే బేస్ చక్ బర్గాఫర్ డబుల్ బేస్. ఆ జారుడు లేకుండా ఆ పాటని ఊహించుకోండి చూద్దాం.

ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

ముందు గ్రి గ్రి, రాత్రి పూట, హెడ్‌ఫోన్స్‌తో. తర్వాత ది లోన్లీ సర్ఫర్. తర్వాత గ్లెన్ క్యాంప్‌బెల్ 12 తీగల ఆల్బమ్ నుంచి రెండు ట్రాక్‌లు వినేసి వెంటనే విచిటా లైన్‌మ్యాన్ వేయండి, నేను పైన అంత పొడుగ్గా చెప్పింది మూడు నిమిషాల్లో చెవికి అందుతుంది.

ఏ పాటలో ఎవరు వాయించారో ఎలా తెలుస్తుంది?

యూనియన్ కాంట్రాక్ట్ షీట్లు. సెషన్ తేదీ, స్టూడియో, లీడర్, వాయించినవాళ్ళ పేర్లు, ఎన్ని గంటలు, ఎంత డబ్బు, అన్నీ ఉంటాయి, ఎందుకంటే దాన్ని బట్టే చెక్కులు వెళ్ళేవి. బర్డ్స్, బీచ్ బాయ్స్ లాంటివాళ్ళ షీట్లు చాలావరకు బయటికొచ్చాయి. అయినా అన్నీ తేలలేదు, షీట్ లేకుండా జరిగిన సెషన్లు ఉన్నాయి, తర్వాత వేరే రోజు ఓవర్‌డబ్ చేసినవి (ఉన్న రికార్డింగ్ మీద ఇంకో వాయిద్యం కలిపినవి) ఉన్నాయి, మోటౌన్ పాటల్లో కొన్నింటి బేస్ తనదని కరోల్ కే అంటుంది, కాదు జేమర్సన్‌దని డెట్రాయిట్ వాళ్ళంటారు, ఈ వాదన దశాబ్దాలుగా నడుస్తోంది. ఎక్కడైనా ఫలానా పాటలో ఫలానావాళ్ళు అని చదివితే అది షీట్ చూసి రాసిందా, ఎవరో ముప్పై ఏళ్ళ తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పిందా అని ఒకసారి చూసుకోండి.